వంగుడురాయి కింద యువరాణి

సూర్యుడు కెంపుగండిలోకి ఒక్కసారిగా దిగడు. ముందు పడమటి గోడ కొసను తాకుతాడు. ఆ తరువాత వెలుగు ఒక్కొక్క పొర మీదుగా కిందికి జారుతూ, జేగురు రంగు రాతిని కుంకుమగా, కుంకుమను దానిమ్మపువ్వుగా మార్చుకుంటూ, నడుమ ఉన్న తెల్లని చారల దగ్గర కాసేపు తీరిగ్గా నిలిచి, చివరికి అడుగున పారే వన్నెవాగు నీళ్ళలో పడి చెదిరిపోతుంది. గాలీ నీరూ కలిసి యుగాల తరబడి చెక్కిన గోడలవి. ఒకచోట రాతి మీద అలల గుర్తులు కనిపిస్తాయి, పూర్వం అక్కడ సముద్రం ఉండేదట. మరొకచోట గోడ నిండా గూళ్ళు, గూటికొక రామచిలుక కాపురం. ఊట కారే పొర వెంట పచ్చని నాచు, దాని పైన నల్లగా వేలాడే తేనెపట్లు, అన్నిటికీ పైన సన్నని పట్టీలా నీలాకాశం.

కెంజాయపురం జనం ఏటా చైత్రంలో ఈ గండిలో నడకకు వచ్చేవారు. పెద్ద ప్రయాణమేమీ కాదు. గండి మొగ దగ్గర పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదిరేలోగా జలపాతం మడుగు చేరవచ్చు. గోడల రంగులు చూసి, ఒడ్డున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించి, తెచ్చుకున్న పులిహోర తిని ఇంటికి పోయేవారు. ఇంత హాయైన చోటు మాంత్రికుడి కంట పడకుండా ఉంటుందా? పడింది. కొన్నేళ్ళుగా ఊరిజనాన్ని గండి మొగ దగ్గరే ఆపేస్తున్నారు.

జలపాతం మడుగుకు కాస్త ఇవతల, గండి దారి బాగా ఇరుకైన చోట పైనుంచి పెద్ద రాతి పలక విరిగిపడి, రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కుంది. మనిషి రొమ్ము ఎత్తున ఉంది. రాజగురువు ధూమకంఠుడు దానికి పసుపు పూసి, వంగుడురాయి అని పేరు పెట్టి, దాని కింద తల వంచి దూరినవారికి కోరిన కోరిక తీరుతుందని కొలువులో ప్రకటించాడు. కోరిక లేని కొలువుంటుందా? మంత్రి వంగాడు. సేనాపతి వంగాడు. భటులు బారులు తీరి వంగారు. వంగిన ప్రతివాడి నీడా ఆ రాయి అడుగున అంటుకుపోయింది, నీడతో పాటు సొంత బుద్ధీ పోయింది. ఇక ధూమకంఠుడు కూర్చోమంటే కూర్చోవడం, నరకమంటే నరకడం. తమ వెంట నీడ రావడం లేదన్న సంగతి వాళ్ళలో ఒక్కడూ గమనించలేదు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు తమ కాళ్ళ దగ్గర ఏముందో చూసుకోవడం మీరెప్పుడైనా చూశారా?

ఈ గుట్టు రాజుగారి ఏకైక కూతురు హేలావతి చెవిన పడింది. హోమగుండం ముందు ధూమకంఠుడు తనలో తాను నవ్వుకుంటూ, "తల వంచకుండా ఆ రాయి కింద నడిచే మనిషి పుట్టాలి, అప్పుడుగదా అది పగిలేది!" అనడం ఆమె తెర చాటు నుంచి విన్నది. తండ్రికి చెబుదామని పరుగెత్తేలోగా గురువే ముందు వెళ్ళి చెప్పేశాడు. "మహారాజా, యువరాణిని ఒక మాయావి ఎత్తుకుపోయింది. అది ఆమె రూపంలోనే తిరుగుతోంది. నాన్నగారూ అని పిలుస్తూ మీ దగ్గరికి వస్తుంది. మోసపోకండి!" సేనాపతి కత్తి దూశాడు. హేలావతి కిటికీలోంచి దూకి పారిపోయింది.

ఇప్పుడు ఆ కూతురు క్షేమంగా తిరిగి రావాలన్న కోరికతోనే రాజు విజయార్కుడు వంగుడురాయి కింద తల వంచడానికి బయలుదేరాడు. అంతవరకు ఎవరి ముందూ వంగని తల అది. అది వంగిందంటే రాజు బుద్ధీ, రాజుతో పాటు రాజ్యమూ మాంత్రికుడి గుప్పిట్లో పడ్డట్టే.

మరి ఆ కూతురు ఎక్కడుందంటారా? గండి మొగ దగ్గర, ముఖానికి మసి పూసుకుని, ఒంటికి ముతక చీర చుట్టుకుని, నెత్తిన మజ్జిగ కుండతో తలమోత ఆడవాళ్ళ వరసలో నిలబడి చెమటలు కక్కుతోంది.

"మెడ బిగబట్టొద్దమ్మీ," అంది ముందు నిలబడ్డ ఎర్రక్క, వెనక్కి తిరిగి చూడకుండానే. "బిగబడితే కుండ కదుల్తాది. మెడను కుండకిచ్చేసి మర్సిపో. పని సెయ్యాల్సింది మోకాళ్ళు."

"మరిచిపోదామంటే కుండ ఊరుకోవడం లేదక్కా."

"ఊరుకోదు. నిండుగా ఉండాది గదా, దానికి గీర. నువ్వు బతిమాలొద్దు. నడువు."

ఎర్రక్క ఆ ఆడవాళ్ళకు పెద్ద. కెంజాయపురం కోటలోకి ఉప్పు ఎక్కినా, ధాన్యం ఎక్కినా, సున్నం ఎక్కినా వీళ్ళ నెత్తి మీదే ఎక్కాలి. కోట కట్టిన రాళ్ళు మోసింది కూడా వీళ్ళ ముత్తవ్వలే. అందుకని ఆనాటి రాజు వీళ్ళకు రెండు హక్కులు రాసిచ్చాడు. నెత్తిన బరువున్న మనిషి రాజు ఎదురైనా వంగి దండం పెట్టనక్కర్లేదు. ఇరుకు దారిలో బరువున్న మనిషి ఎదురైతే రాజైనా సరే ఆగి దారి ఇవ్వాలి.

పారిపోయిన యువరాణి వీళ్ళ గుడిసెల్లోనే తలదాచుకుంది. మంచం కింద, బండి కింద, తడికె కింద దూరి, తల వంచకుండా నడవాలని ఎన్నోసార్లు ప్రయత్నించింది. పైన ఏదో ఉందని తెలియగానే మెడ దానంతటదే వంగిపోయేది. ఆమె అవస్థ చూసి ఎర్రక్క పగలబడి నవ్వింది. తరువాత ఒక నిండుకుండ తెచ్చి ఆమె నెత్తిన పెట్టి, "ఇప్పుడు వంగు సూద్దాం," అంది. వంగితే కుండ పడుతుంది. మెడ నిలబెట్టి, మోకాళ్ళు మడిచి, గొంతుక్కూర్చున్నట్టు దిగి, అలాగే అడుగులు వేయాలి. వానాకాలంలో ఎర్రక్క తన గుడిసె చూరు కింద రోజూ దూరే తీరు అదే. హేలావతికి కళ్ళు మెరిశాయి. ధూమకంఠుడికి ఈ సంగతి తెలియదు. తలమోత మనుషుల నీడలు ఏం చేసుకోను, వాళ్ళను పైగట్టు దారిన పొమ్మనండి అని అతడే తోసేశాడు. అందుకే వీళ్ళలో ఎవరూ ఆ రాయి కింద ఎన్నడూ నడవలేదు.

"ఇంకోసారి అడుగుతాండా," అంది ఎర్రక్క. "ఆ దూరేదేదో నేను దూర్తా. నువ్వు పక్కనుండు."

"వద్దక్కా. రాయి పగిలాక వాడు ఊరుకోడు. మా ఇంటి గొడవ నా నెత్తి మీదే ఉండాలి."

"మొండిఘటం!" అంది ఎర్రక్క. ఆ మాటలో మెప్పే ఎక్కువ ఉంది.

ఊరేగింపు కంటే ముందే మడుగు దగ్గరికి భోజనాలు చేరవేయాలి గనుక ఆడవాళ్ళు ముందు కదులుతారు. ఆ సందులో హేలావతి వరస తప్పించుకుని కింది దారిన రాయి చేరుకోవాలి. అదీ వాళ్ళ పన్నాగం. బాగానే ఉంది. కానీ రాజుగారు ఆ పూట తెల్లవారకముందే లేచి కూర్చుని, ఊరేగింపును ముందే కదిలించారు.

కొమ్ములు మోగాయి. భేరీలు దద్దరిల్లాయి. గూళ్ళలోని చిలుకలన్నీ ఒక్కసారిగా లేచి గండి మీద ఆకుపచ్చని పందిరి వేశాయి. వెండి కర్రల వాళ్ళు, వింజామరల వాళ్ళు, ఈటెల భటులు వచ్చారు. ఎండలో అంతమంది నడుస్తున్నా నేల మీద ఒక్క నీడ లేదు. వాళ్ళ వెనక బొగ్గురంగు పట్టు కట్టుకుని, పెదవులు కదిపినప్పుడల్లా నోట్లోంచి సన్నని పొగ వదులుతూ ధూమకంఠుడు వచ్చాడు. అతడి పక్కన చెప్పులు లేకుండా నడుస్తున్నాడు విజయార్కుడు.

ఆ మనిషిని చూసి హేలావతికి గుండె కలుక్కుమంది. గడ్డం మాసింది. చెంపలు లోపలికి పోయాయి. కిరీటం కాస్త పెద్దదైనట్టు నుదుటి మీదికి జారుతోంది. అంతా తన కోసమే, తను బతికుందో లేదో తెలియకే. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఆయన ఆమె ముందునుంచి నడిచాడు.

బుద్ధి తెలిసిన నాటినుంచి రోజూ పొద్దున లేవగానే ఆ పాదాలకు దండం పెట్టడం హేలావతికి అలవాటు. చెప్పి చేయించినది కాదు, ప్రేమ కొద్దీ చేసేది. ఆ పాదాలు కనబడగానే నెత్తిన కుండ ఉందనీ, తాను తలమోత మనిషిననీ అన్నీ మరిచి తల వంచేసింది.

కుండ ధడాలున పడి పగిలింది. మజ్జిగంతా చిమ్మి ధూమకంఠుడి పట్టుబట్ట మీద పడింది.

భేరీలు ఆగాయి. మాంత్రికుడు మొదట తన బట్ట వంక చూసుకున్నాడు. తరువాత ఆమె వంక చూశాడు.

"బరువు మోసే ఆడది ఎవరికీ వంగదు," అన్నాడు బొంగురుగా, పొగ వదులుతూ. "నువ్వు వంగావు. అంతఃపురంలో నేర్చిన వంగుడు అది! మహారాజా, మాయావి వచ్చింది! పట్టుకోండి!"

రాజు ఉలిక్కిపడి చూశాడు. మసి పూసిన ముఖంలో ఆ కళ్ళు ఆయనకు తెలిసినవే. హేలావతికి 'నాన్నగారూ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయన తనను నిజంగానే మాయావి అనుకుంటాడు. గొంతులోనే దిగమింగి, పక్కకు ఒక్క గెంతు గెంతి, పైగట్టు దారి మీదికి పరుగందుకుంది.

"పట్టుకోండి!" అంటూ సేనాపతి రుద్రసోముడు వెంటబడ్డాడు. ఆమెకు కత్తిసాము నేర్పిన గురువు ఆయనే. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని కోట చుట్టూ తిప్పినవాడు. ఇప్పుడు ఆయన కళ్ళలో ఎవరూ లేరు.

పైగట్టు దారి అంటే గోడకు అంటుకుని ఉన్న సన్నని రాతి అంచు. ఒక పక్క గోడ, ఒక పక్క పాతాళం. ఇసుకరాయి చూడటానికే రాయి, ఎండకూ వానకూ మెత్తబడ్డ చోట అడుగు వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. హేలావతి ఆ అంచు మీద చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి మేకపిల్లలా ఉరికింది. బాణం ఒకటి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఇంకొకటి కొప్పులో దూరి ఆగింది. దాన్ని పీకి చేత పట్టుకుని పరుగెత్తింది. మూడోది గురితప్పి నేరుగా తేనెపట్టుకు తగిలింది.

ఇక చూడండి సంబరం! తేనెటీగలు నల్లని తెరలా లేచాయి. హేలావతి గోడను కరుచుకుని, మజ్జిగతో తడిసిన కొంగు ముఖం మీదుగా కప్పుకుని కదలకుండా నిలబడింది. భటులు మాత్రం ఈటెలు పారేసి, నీడలు లేని చేతులతో గాలిని బాదుకుంటూ వచ్చినదారినే ఉరికారు. బుద్ధి మాంత్రికుడి దగ్గర ఉన్నా, ముక్కు సొంతమే గదా!

రుద్రసోముడు మాత్రం ఆగలేదు. ముఖం నిండా ఈగలు ముసిరినా రెప్ప వేయకుండా వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

"లొంగిపో," అన్నాడు. గొంతు ఆయనది, మాట ధూమకంఠుడిది.

"లొంగడం మీరు నాకు నేర్పలేదు గురువుగారూ," అంటూ హేలావతి ఆయన నేర్పిన పట్టే పట్టింది. మణికట్టు తిప్పి, భుజం కిందికి దూరి, చటుక్కున వదిలించుకుని ముందుకు గెంతింది. గెంతుతూనే, తన చేతిలోని బాణంతో అంచు కింద మెత్తగా ఉన్న తెల్లపొరను బలంగా పొడిచింది. ఇసుక జలజల రాలింది. ఇద్దరి మధ్య దారి విరిగి కిందికి పోయింది. సేనాపతి ఇసుకతో పాటు జర్రున జారి, కింద మరో గట్టు మీద ఉన్న రావిమొలకను పట్టుకుని వేలాడాడు. ఆయన ప్రాణానికి ఢోకా లేదని చూసుకున్నాకే ఆమె ముందుకు కదిలింది.

కింద ఏం జరుగుతోందో చూడండి.

రాజును వెంటబెట్టుకుని ధూమకంఠుడు వంగుడురాయి వైపు తొందరగా బయలుదేరాడు. గండి ఇరుకైన చోటికి వచ్చేసరికి ఎదురుగా ఎర్రక్కా, ఆమె వెనక ఆడవాళ్ళందరూ, ఇందాకటి గందరగోళంలో కింది దారిన ముందే వచ్చేసి, ఇటు తిరిగి దారి నిండా నిలబడి ఉన్నారు. ఒకరి నెత్తిన కుండ, ఒకరి నెత్తిన గంగాళం, ఒకరి నెత్తిన పులిహోర గంప. మెడలు నిటారుగా ఉన్నాయి. ఒక్కరూ కదలలేదు.

"తొలగండి!" అని గద్దించాడు మాంత్రికుడు.

"బరువుండాది సామీ," అంది ఎర్రక్క నింపాదిగా. "ఇరుకు దారి. బరువుకు దారి ఇయ్యాల్సింది మీరే."

"పైగట్టున పోవలసిన మనుషులు మీరు! ఇక్కడికెందుకు వచ్చారు?"

"పైన తేనెటీగలు లేసినాయి. మీ బటులే లేపినారు. మేం యాడ పోవాల?"

"మహారాజా, ముహూర్తం దాటిపోతోంది! తోసేయమని ఆజ్ఞ ఇవ్వండి!"

విజయార్కుడు దిగులుగా ఆ ఆడవాళ్ళ వంక చూశాడు. మనిషి ఎంత చితికిపోయినా మాట తప్పడం ఆయనకు రాదు. "మా ముత్తాత ఇచ్చిన మాట అది. నేను తీసేయలేను," అంటూ గోడవారకు జరిగి నిలబడ్డాడు. "నడవండమ్మా."

"నడుస్తాం దొరా. మెల్లగా నడుస్తాం. మజ్జిగ ఒలికితే మళ్ళా మీ గురువు బట్టల మీదే పడ్తాది."

ఎంత మెల్లగా నడిచారంటే, వాళ్ళ ముందు తాబేలు పెళ్ళిఊరేగింపు కూడా పరుగులాగే ఉండేది. కుండ కింది కుదురు సర్దుకోవడానికి ఒకతె ఆగింది. కాలికి ముల్లు గుచ్చుకుందని మరొకతె ఆగింది. ఇంకొకతె గోడ మీది అలల గుర్తులు చూపించి, ఎంత సక్కగుండాయో సూడండక్కా అని ఆగింది. ధూమకంఠుడి ముక్కులోంచి, చెవుల్లోంచి పొగ వస్తోంది. మాంత్రికుడు ఎంతటివాడైనా పులిహోర గంపను దాటలేడు.

చివరి ఆడది రాజును దాటిపోయిన క్షణానే పైనుంచి ధబ్బున ఇసుకలో దూకింది హేలావతి, సరిగ్గా వంగుడురాయి ముందు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. ఒళ్ళంతా ఎర్రదుమ్ము. ఎర్రక్క రాజును దాటాక వెనక్కి తిరిగి గబగబా వచ్చి తన కుండ ఎత్తి, కుదురుతో సహా ఆమె నెత్తిన పెట్టింది.

"ఈసారి వంగినావంటే నేనే సంపుతా," అంది.

"వంగనక్కా."

"ఆపండి దాన్ని!" అని అరిచి ధూమకంఠుడు అంతెత్తున పొగగా మారి, రాయి పై సందులోంచి దూరి అవతలి పక్క మళ్ళీ మనిషిగా నిలబడ్డాడు.

హేలావతి మోకాళ్ళు మడిచింది. వీపు నిటారుగా, మెడ నిటారుగా, కళ్ళు సూటిగా. రాయి నీడ నుదుటి మీద పడగానే మెడలోని నరాలన్నీ వంగు వంగు అని కేకలు పెట్టాయి. ఆమె వినలేదు. ఒక అడుగు వేసింది. రాయి అడుగున ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్న నీడలు కదిలాయి. మంత్రి నీడ, సేనాపతి నీడ, భటుల నీడలు చల్లని చేతులతో కిందికి వచ్చి కుండ అంచు పట్టి నొక్కాయి. తొడలు మంటలెత్తాయి. మోకాళ్ళు పటపటమన్నాయి. మరో అడుగు వేసింది.

"హేలా," అని ఎదురుగా ఎవరో ఆప్యాయంగా పిలిచారు. అది నాన్నగారి గొంతు. "తల వంచమ్మా, రాయి తగులుతుంది. నా బంగారు తల్లివి కదూ, కాస్త వంచు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గొంతు వినక ఎన్నాళ్ళయింది! మెడ వెంట్రుకవాసి మెత్తబడింది, కుండలో మజ్జిగ ఒక పక్కకు ఊగింది. అప్పుడామెకు ఒళ్ళు మండింది.

"మా నాన్న నన్ను అడిగి ఎప్పుడూ వంగించుకోలేదురా, పొగగొట్టం వెధవా!" అని అరిచింది. "వంగినప్పుడల్లా నా ఇష్టంతో వంగాను. నీకు వంగను. నీ రాయికీ వంగను. ఏం చేస్తావో చేసుకో!"

అంటూనే ఆఖరి అడుగు వేసి, అవతలి ఎండలోకి వచ్చి, నెత్తిన కుండతో నిటారుగా లేచి నిలబడింది.

ముందు సన్నగా చిటపటమన్న చప్పుడు వినిపించింది. పసుపు పూతలో వెంట్రుకంత బీట కనిపించింది. మరుక్షణం గండి దద్దరిల్లేలా వంగుడురాయి నడిమికి పగిలి, రెండు చెక్కలై ఇసుకలో కూలింది. చిక్కుకుపోయిన నీడలన్నీ విడిపోయి, గోడల మీదుగా ఉరుకుతూ ఎవరి మనుషులను వాళ్ళు వెతుక్కున్నాయి. భటులు నిద్రలోంచి లేచినట్టు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పైగట్టు కింద రావిమొలకకు వేలాడుతున్న రుద్రసోముడు, "నేనిక్కడికెలా వచ్చాను? ఎవరైనా దించండయ్యా!" అని కేకలేశాడు.

దుమ్ము సర్దుకునేసరికి ధూమకంఠుడు హేలావతి జడను చేతికి చుట్టుకుని, జలపాతం మడుగు అంచున నిలబడి ఉన్నాడు. కుండ ఎప్పుడో దొర్లిపోయింది. వెనక నీళ్ళు ఆకాశం నుంచి దూకుతున్నాయి. ఆ మడుగుకు అడుగు ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు.

"రాజా!" అన్నాడు మాంత్రికుడు. ఇప్పుడు మహారాజా అనడం కూడా మానేశాడు. "రాయి పోతే పోయింది. ఇది నీ కూతురి రూపంలో ఉన్న మాయావి. నీ అసలు కూతురు ఈ నీళ్ళ అడుగున నా చెరలో ఉంది. రాయి అక్కర్లేదు, ఇక్కడే నా ముందు తల వంచు. పిల్లను పైకి తెచ్చి అప్పజెబుతాను. వంచకపోతే ఆ పిల్లను ఇక చూడవు."

విజయార్కుడు పగిలిన చెక్కల మధ్య నిలబడి ఉన్నాడు. ఎర్రదుమ్మూ మసీ కలిసిన ఆ ముఖాన్ని చూశాడు. కూతురులాగే ఉంది. మాయావి కూడా కూతురులాగే ఉంటుందన్నారు కదా. ఎవరు నిజం, ఎవరు కాదు? ఒకవేళ పిల్ల నిజంగానే అడుగున ఉంటే? తన ఒక్క తల వంగితే పిల్ల బతుకుతుందంటే, ఆ తల ఉండి ఎందుకు? ఆయన గడ్డం నెమ్మదిగా రొమ్ము వైపు దిగసాగింది.

"మహారాజా!" అని అరిచింది హేలావతి. జడ లాగుతున్న నొప్పికి కళ్ళు చెమర్చినా గొంతు వణకలేదు. "నేను మీ కూతుర్ని కాదనే అనుకోండి! మాయావిననే అనుకోండి! నన్ను నమ్మవద్దు. అయినా సరే, వాడికి వంగకండి!"

గడ్డం ఆగిపోయింది. విజయార్కుడు తల పైకెత్తాడు. అంతకాలంగా నుదుటి మీదికి జారుతూ వచ్చిన కిరీటాన్ని తీసి ఇసుకలో పారేశాడు.

"వంగను," అన్నాడు. ఆ మాట రెండు గోడలకూ తగిలి గండి అంతటా మోగింది. "నా కూతురు ఎక్కడుంటే అక్కడికి నేనే వస్తాను. నువ్వు తెచ్చేదేమిటిరా!"

ధూమకంఠుడి ముఖం నల్లబడింది. ఇక మాటలతో పని లేదని, హేలావతిని నడుము పట్టి ఎత్తుకుని వెనక్కి తిరిగి మడుగులోకి దూకేశాడు. నీళ్ళు నోరు తెరిచి ఇద్దర్నీ మింగాయి. విజయార్కుడు పరుగెత్తాడు. "దొరా, వద్దు దొరా!" అని ఎర్రక్క అడ్డం వచ్చింది. ఆయన ఆమె చెయ్యి తప్పించుకున్నాడు. కూతురో మాయావో అని ఆగి ఆలోచించలేదు. ఒడ్డు చివరి రాతి మీదినుంచి అలాగే నిటారుగా, కాళ్ళు ముందుగా దూకాడు.

పచ్చని నీళ్ళ లోతుల్లోకి మాంత్రికుడు లాక్కుపోతుండగా హేలావతి పైకి చూసింది. చాలా పైన, వెలుగు పడుతున్న చోట రెండు పాదాలు తడబడుతూ కిందికి వస్తున్నాయి. కెంజాయపురం మహారాజుకు ఈత రాదన్న సంగతి లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ ఒక్క మనిషీ మాంత్రికుడి చేతిని ఎముక తగిలేదాకా కొరికింది.